చెవి శౌరయ్య పెట్టిన సౌండు

బెజవాడ ఆటోనగర్‌లో ఇద్దరు శౌరయ్యలున్నారు. ఒకాయన లారీల కింద బరువు మోసే కమాన్‌కట్టలు బాగుచేస్తాడు కాబట్టి కమాన్‌కట్టల శౌరయ్య. రెండో ఆయన కార్లలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బిగిస్తాడు. ఈయన చెవి శౌరయ్య. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆయన పైకి విసుక్కుంటూ లోపల పొంగిపోయేవాడు. చదువుకున్నవాళ్ళు పేరు చివర డిగ్రీలు తగిలించుకుంటారు. పదో తరగతి గట్టెక్కని మనిషికి పేరు ముందు ఒక అవయవం వచ్చి చేరడం అంతకంటే తక్కువ మర్యాదేమీ కాదు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గుణదలలో ఇల్లు, భార్య తెరేసమ్మ. పదహారో ఏట వన్‌టౌన్‌లో పుల్లయ్యగారి రేడియో రిపేరు షాపులో చేరాడు. పుల్లయ్యగారు సోల్డరింగ్ నేర్పారు, తిట్లు నేర్పారు, ఒక మాట మాత్రం రోజూ చెప్పారు: “అసలు మీటరు చేతిలోది కాదురా, తలకాయకి రెండు పక్కలా ఉన్నది.” ఆ మాటని శౌరయ్య వేదవాక్కులా పట్టుకున్నాడు. అంబాసిడర్ కార్లలో క్యాసెట్ ప్లేయర్లు బిగించే రోజుల్లో ఆటోనగర్‌లో సొంతంగా ఒక షెడ్డు తీసుకున్నాడు. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి, పెన్‌డ్రైవులు వచ్చాయి, ఇప్పుడు తీగ కూడా లేకుండా ఫోనులోంచి కారులోకి పాట దూకుతోంది. శౌరయ్య షెడ్డు మాత్రం అదే చోట ఉంది.

ఆటోనగర్‌లో నిశ్శబ్దం రోజుకి ఒక్క గంటే దొరుకుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి లేతులు, గ్రైండింగ్ మిషన్లు, రేకులు కొట్టే సుత్తులు అన్నీ ఆగిపోయి, జనం అన్నం క్యారేజీలు విప్పుతారు. రెండింటికి మళ్ళీ మోత మొదలు. ఆ గంటలోనే శౌరయ్య కార్ల సౌండు సరిచేసేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఒంటిగంటకి అన్నం తిన్నది ఆదివారాలే. కారు అద్దాలన్నీ ఎత్తించి, ఓనరుని వెనక సీట్లో కూర్చోబెట్టి, “మాట్లాడకండి. దగ్గొచ్చేట్టుంటే ఇప్పుడే దగ్గేయండి,” అనేవాడు. కళ్ళు మూసుకుని చిన్న స్క్రూడ్రైవరుతో ఆంప్లిఫయరు మీద మరలు అటు కాస్త, ఇటు కాస్త తిప్పేవాడు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి గంటంతా. చివరికి కళ్ళు తెరిచి, “ఇదీ సౌండంటే,” అనేవాడు. ఎలా ఉందండీ అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

పక్క షెడ్లలో కొత్తగా వచ్చినవాళ్ళు మైకు పెట్టి, లాప్‌టాపులో గీతలు చూసుకుంటూ అదే పని చేస్తుంటే ఈయనకి నవ్వు. “రుచి తెలియనోళ్ళు పుస్తకం చూసి కూరొండుతున్నారు,” అనేవాడు, అదీ వాళ్ళకి వినపడేట్టుగా. నోరు కొంచెం పెద్దదే. పనితనం అంతకంటే పెద్దది కాబట్టి చెల్లిపోయింది.

కారులో స్పీకర్లు పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది పాసివ్. ఆంప్లిఫయరులోంచి పాట మొత్తం ఒక్క తీగ మీద వస్తుంది. తలుపులో దాచిన చిన్న పెట్టె దాన్ని విడదీసి, డప్పులు, బరువైన గొంతులు కింది పెద్ద స్పీకరుకీ, తాళాలు, గజ్జెలు లాంటి సన్నని మోతలు అద్దం పక్కనుండే చిన్న ట్వీటరుకీ పంపిస్తుంది. దేనికెంత పంపాలో కంపెనీవాడే లెక్కకట్టి పెట్టెలో బిగించేస్తాడు. రెండోది యాక్టివ్. ఇందులో ఆ పెట్టె ఉండదు. పాటని ముందే విడదీసి, పెద్ద స్పీకరుకి దాని బలం, ట్వీటరుకి దాని బలం వేరువేరుగా ఇస్తారు. దేనికెంత అన్నది బిగించేవాడు విని తేల్చాలి. కుదిరితే పాడే మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. కుదరకపోతే చెవిలో సూది దిగినట్టుంటుంది.

“పాసివంటే కలిపి పెట్టిన ముద్ద. యాక్టివంటే విస్తట్లో విడివిడిగా వడ్డించిన భోజనం. కలిపే చెయ్యి మంచిదవ్వాలి,” అని శౌరయ్య చెప్పేవాడు. స్తోమతున్న వాళ్ళందరినీ యాక్టివే పెట్టుకోమనేవాడు. తన చెయ్యి మంచిదని ఆయనకి తెలుసు, ఊరికీ తెలుసు.

ఇదంతా మూడేళ్ళ కిందటి దాకా.

ఆ వేసవిలో భవానీపురం నుంచి వచ్చిన ఒక కారుకి కొత్త ట్వీటర్లు బిగించాడు. ఒంటిగంటకి పాట పెట్టాడు. తాళాలు పలకలేదు. ట్వీటర్లు చచ్చుబడ్డాయనుకుని విప్పి తిప్పి పంపాడు. ఇంకో జత తెచ్చాడు. అదీ అంతే. మూడో జత కూడా పలక్కపోయేసరికి, సరుకు నాసిరకమని ఏజెంటు మీద ఫోనులో విరుచుకుపడ్డాడు.

“ముందర పంపిన రెండు జతలూ చూశామండీ. శుభ్రంగా పనిచేస్తున్నాయి,” అన్నాడు ఏజెంటు.

“నీకేం తెలుసయ్యా సౌండు గురించి,” అని ఫోను పెట్టేశాడు శౌరయ్య.

ఆ సాయంత్రం మూడో జతని ఇంటికి తీసుకొచ్చి, వంటింటి గట్టు మీద చిన్న ఆంప్లిఫయరుకి తగిలించి పాట పెట్టాడు. చింతపండు పిసుకుతున్న తెరేసమ్మ భుజం ఎత్తి చెవికి అడ్డం పెట్టుకుంది.

“ఏందండీ ఆ గోల? చెవులు చిల్లులు పడతన్నాయి.”

“నీకు వినపడుతోందా?”

“వినపడకపోటమేంది? వీధి చివరిదాకా వినపడతంటే!”

శౌరయ్య ట్వీటరు మీదికి వంగాడు. చెవి తాకేంత దగ్గరికి వంగాడు. ఏమీ లేదు. అప్పుడు ఆయనకి కీచురాళ్ళు గుర్తొచ్చాయి. ఏలూరు కాలవ గట్టున సాయంత్రాలు కీచురాళ్ళ రొద ఉండేది. ఈ మధ్య లేదు. మందులు కొట్టి కొట్టి పురుగూ పుట్రా అంతా చచ్చిపోయిందని నలుగురితో అన్నాడు కూడా. పురుగులు ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్ళు ఆ సన్నని మోతల పక్కనే తల పెట్టి, ఆ మోతలనే పోగొట్టుకున్నాడు. మనుషుల మాటలు వినపడతాయి, డప్పు వినపడుతుంది, లారీ హారను వినపడుతుంది. ఏ పనితో పేరొచ్చిందో ఆ పనికి కావలసిన ముక్క ఒక్కటే వినపడదు. ఆయన వంటింట్లో పీట మీద కూర్చుండిపోయాడు.

తెరేసమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. విషయం అర్థమయ్యాక డాక్టరు దగ్గరికి పోదామంది.

“పోతే ఏమవుద్ది? ఆటోనగరంతా టముకేస్తారు. ఇంక నా దగ్గరికి ఎవడొస్తాడే?”

“చెవులు పోతే పోయినయ్యి. చెప్పుకోటానికి నోరుందిగా?” అంది తెరేసమ్మ.

సరిగ్గా ఆ ఒక్కటే ఆయన వల్ల కాలేదు. ఎవరితో అన్నా తన మీద ఒట్టేనని ఆమె చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

మర్నాటి నుంచి చెవి శౌరయ్య పాసివ్ మనిషైపోయాడు. యాక్టివ్ కావాలని ఎవరొచ్చినా ఒకటే పాఠం: “పెట్టెలో కంపెనీవాడు లెక్కకట్టి పంపాడండీ, మనం వేలు పెట్టక్కర్లేదు. రేపు మీరు ఏ ఊళ్ళో ఉన్నా ఎవడైనా రిపేరు చేస్తాడు. యాక్టివ్‌కి ఒక్క మర తప్పు తిరిగితే ట్వీటరు మాడిపోద్ది.” ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాకు ఆయన మీద కోపం వచ్చేదీ ఇక్కడే. అబద్ధమాడేవాడి నాలుక ఎప్పుడో ఒకప్పుడు తడబడుతుంది. నిజాలు చెప్పి మోసం చేసేవాడికి ఆ పాటి అవస్థ కూడా ఉండదు.

ఒంటిగంట తంతు మాత్రం మానలేదు. అద్దాలెత్తించేవాడు, కళ్ళు మూసుకునేవాడు, మర మీద స్క్రూడ్రైవరు ఆనించి తిప్పినట్టు నటించేవాడు. ఎంతసేపు కూర్చుంటే నమ్ముతారో అంతసేపు కూర్చుని, “ఇదీ సౌండంటే,” అనేవాడు. పని పెట్టె చేసేది, పేరు ఈయనకొచ్చేది. పేరొచ్చిన ప్రతిసారీ లోపల ఏదో తరిగిపోయేది. షెడ్డు ముందు కొత్త కారు ఆగితే ఒకప్పుడు ఎదురెళ్ళేవాడు. ఇప్పుడు ఆ వచ్చినాయన ఏమడుగుతాడోనని షెడ్డు లోపలికి తప్పుకునేవాడు.

అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాక, కిందటి జూన్‌లో అంతోని వచ్చాడు.

అంతోనిది ఉయ్యూరు దగ్గర పల్లె. సొంత కారు అద్దెకి తిప్పుతాడు. పెళ్ళిళ్ళకైనా ఎయిర్‌పోర్టుకైనా అర్ధరాత్రి పిలిచినా వస్తాడు గానీ, ఆదివారం పొద్దున మాత్రం ఎవరు పిలిచినా రాడు. వాళ్ళ ఊరి చర్చిలో హార్మోనియం అతనిది. పెళ్ళి కాకముందు నుంచీ అతనిదే. ఇరవై మంది చేత పాడిస్తాడు. అందులో ఒక్కరు వెంట్రుకవాసి శ్రుతి తప్పినా, వాయిస్తూనే తలెత్తి ఒక చూపు చూస్తాడు. ఎవరిని చూశాడో ఆ తప్పినవాళ్ళకే తెలుస్తుంది. శౌరయ్యతో స్నేహం పాతికేళ్ళది. మొదటి కారు నుంచి కిందటి మూడో కారు దాకా సౌండు శౌరయ్య చెయ్యే. ఇన్నేళ్ళలో శౌరయ్య, “వీడికి చెవుంది,” అని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి అంతోని.

“అన్నా, ఈసారి యాక్టివ్ పెట్టెయ్,” అన్నాడు కొత్త కారు దిగుతూనే.

“ఎందుకురా, పాసివ్ హాయిగా ఉంటది. గొడవుండదు.”

“అదేందన్నా? కిందటి కారప్పుడు నువ్వే గదా అన్నావ్, ఒక్కసారి నా చేత్తో యాక్టివ్ పెట్టించుకో, అప్పటిదాకా నువ్వు పాట విన్లేదనుకో అని. ఐదేళ్ళ బట్టి ఈ రోజు కోసమే చూస్తన్నా.”

శౌరయ్యకి ఆ మాట గుర్తుంది. అన్న రోజు కూడా గుర్తుంది. పక్కనే బల్ల మీద టీ తాగుతున్న కమాన్‌కట్టల శౌరయ్య నవ్వాడు. “ఈయనకే యాక్టివంటే భయమైతే, ఇంక లాప్‌టాపులోళ్ళ దగ్గరికి పోవాలయ్యా అంతోనీ,” అన్నాడు. పరాచికానికే అన్నాడు. కానీ శౌరయ్యకి చెంప మీద కొట్టినట్టయింది. చెప్పాల్సింది ఒక్క మాట. తెరేసమ్మ ఎప్పుడో చెప్పమన్న మాట. గొంతు దాకా వచ్చింది కూడా.

“సరే, బండి వదిలేసి పో. ఎల్లుండి ఒంటిగంటకి రా,” అన్నాడు.

రెండు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. తలుపుల రేకు అదరకుండా లోపల షీట్లు అతికించాడు, తీగలు ఒక్కటి వంకర పోకుండా లాగాడు, ముందు సీటు కింద ఆంప్లిఫయరు కుదుర్చుకున్నాడు. చేతులకి ఏ లోటూ లేదు. మూడో రోజు ఒంటిగంటకి ఆటోనగర్ మోత ఆగింది. అంతోని వెనక సీట్లో కూర్చుని తన చర్చి బృందం పాడిన పాట ఫోనులో పెట్టాడు. శౌరయ్య కళ్ళు మూసుకుని ట్వీటరు మర తిప్పడం మొదలెట్టాడు. ఏమీ అందలేదు. ఇంకాస్త తిప్పాడు. ఇంకాస్త. చివరికి ఎక్కడో దూరంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టు సన్నగా ఏదో వినపడింది. హమ్మయ్య అనుకుని అక్కడ ఆపాడు.

కళ్ళు తెరిచి అద్దంలో చూస్తే అంతోని భుజాలు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

“కొంచెం పదునుగా ఉన్నట్టుందేమో అన్నా?”

మర ఎక్కువ తిప్పేశానని శౌరయ్యకి తెలిసిపోయింది. అయినా ఆయన నోరు తన అలవాటు ప్రకారమే పనిచేసింది.

“ఇన్నాళ్ళూ పాసివ్ విన్న చెవి గదరా. కొత్తలో అట్టాగే ఉంటది. పది రోజులు వింటే చెవే దారికొస్తది. ఇదీ సౌండంటే.”

“అంతేలే,” అన్నాడు అంతోని. సౌండు గురించి శౌరయ్య చెప్పాక ఇంక అడగడానికేముంటుంది? దణ్ణం పెట్టి కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అంతోని షెడ్డు వైపు రాలేదు. కిరాయిల్లో ఉన్నాడేమో అనుకున్నాడు శౌరయ్య. ఫోను చేద్దామని రెండు మూడుసార్లు అనిపించింది గానీ చెయ్యలేదు. చేస్తే ఏం వినాల్సొస్తుందోనని.

అక్టోబరులో అంతోని వాళ్ళ ఊరి చర్చి పండుగ వచ్చింది. ఏటా వెళ్ళేదే కాబట్టి మానడానికి సాకు దొరకలేదు. ఆదివారం పొద్దున్నే తెరేసమ్మతో కలిసి బస్సెక్కి, బందరు రోడ్డు మీదుగా ఉయ్యూరు వెళ్ళి, అక్కడ ఆటో పట్టుకుని చేరేసరికి పూజ మొదలైపోయింది. రంగు కాగితాలు కట్టిన చర్చి నిండా జనం. పాట వినపడుతోంది గానీ అంతోని పాటలా లేదు. ఒకళ్ళు ముందు పోతున్నారు, ఒకళ్ళు వెనకబడుతున్నారు. శౌరయ్య మెడ చాచి చూశాడు. హార్మోనియం ముందు ఎలీషా అనే కుర్ర టీచరు కూర్చుని, కళ్ళు మెట్ల మీద నుంచి ఎత్తకుండా వాయిస్తున్నాడు. అంతోని మగవాళ్ళ వైపు అందరికంటే వెనక బల్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. రెండు చెవుల్లోనూ దూది.

పూజ అయ్యాక ఆవరణలో భోజనాల హడావుడి. అంతోని ఎవరితోనూ మాట్లాడకుండా ప్రహరీ పక్కన పెట్టిన తన కారు వైపు వెళ్ళిపోయాడు. అతని భార్య మార్త వీళ్ళిద్దరినీ చూసి ఎదురొచ్చింది.

“ఏందమ్మా, అంతోని వాయించలేదే?” అన్నాడు శౌరయ్య.

“మీకు చెప్పలేదా అన్నయ్యగారూ? ఆయన చెవులు పోయినయ్యండీ.” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “కొత్త కారు కాడ్నించి మొదలైంది. పాట పెడితే చెవుల్లో సూదులు గుచ్చినట్టుందనేవాడు. పది రోజుల్లో సర్దుకుంటదని మీరు చెప్పారంట గదా, అలవాటు చేసుకోవాలని రోజూ పెట్టుకుని వినేవాడు. కిరాయికొచ్చినోళ్ళు తగ్గించమంటే తగ్గించి, వాళ్ళు దిగిపోగానే మళ్ళీ పెట్టేవాడు. ఇప్పుడు ఇంట్లో గరిటె కిందపడినా ఉలిక్కిపడతన్నాడు. బెజవాడ తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించానండీ. మిషన్ పెట్టి చూసి, ఈ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూళ్ళేదన్నాడాయన.”

“మరింకేం?”

“ఈయన నమ్మితేగా! ‘డాక్టరుకేం తెలుసే, శౌరన్న పెట్టిన సౌండే నాకు సరిగ్గా వినపట్టంలేదంటే చెవి నాదే పోయినట్టు గదా,’ అంటాడు. శ్రుతి తెలియనోడు దేవుడి ముందర వాయించగూడదని హార్మోనియం తీసుకెళ్ళి ఎలీషాకిచ్చొచ్చాడు. నెలైంది. మనిషి సరిగ్గా అన్నం కూడా తింటంలేదు.” చేతిసంచిలోంచి డాక్టరిచ్చిన మడతలు పడ్డ కాగితం తీసి శౌరయ్య చేతిలో పెట్టింది. “మీ మాటంటే గురి. పోలేదంటే ఎట్టాగూ నమ్మడు. మీరైనా చెప్పండన్నయ్యగారూ, వయసయ్యాక చెవులు పోటం మామూలేనని. మీరు చెప్తే ఊరుకుంటాడు.”

శౌరయ్య కాగితం విప్పాడు. అలాంటి కాగితం చూడటం ఆయనకి అదే మొదటిసారి. రెండు గీతలు, ఎడమ నుంచి కుడి దాకా దాదాపు తిన్నగా ఉన్నాయి. లోతు మోతల నుంచి సన్నని మోతల దాకా అంతోనికి అన్నీ అందుతున్నాయని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. తన గీత గీస్తే సగం దాటాక ఎక్కడికి పడిపోతుందో కూడా తెలిసింది.

ఆ నిమిషాన ఆయనకి దారి తెరిచే ఉంది. మార్త చెప్పమన్నట్టు చెప్తే చాలు. అంతోని నమ్ముతాడు, ఆటోనగర్‌లో పేరు పదిలంగా ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పక్కన తెరేసమ్మ నిలబడి ఉంది. ఒట్టేసిన మనిషి కాబట్టి నోరు విప్పలేదు. భర్త మొహంలోకి మాత్రం చూస్తూ ఉంది. ఆ చూపుని ఆయన ఎంతోసేపు భరించలేకపోయాడు. కాగితం మడిచి మార్త చేతిలో పెట్టేసి కారు దగ్గరికి నడిచాడు.

అంతోని తలుపు తీసిపెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. శౌరయ్యని చూసి లేవబోయాడు.

“కూర్చో. ఆ దూది తీసెయ్.”

“వద్దన్నా. తలపోటొస్తది.”

“తియ్యరా.”

అంతోని తీశాడు. తీసి, తప్పు చేసిన పిల్లాడిలా నవ్వాడు. “నీ సౌండు నాకు ఎక్కలేదన్నా. పాపం ఎంత కష్టపడి పెట్టావో. చెవులు పోయినయ్యి.”

“నీ చెవులకేం కాలేదు,” అన్నాడు శౌరయ్య. “పోయింది నా చెవులు.”

అంతోనికి అర్థం కాలేదు. శౌరయ్య తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“నాకు సన్న మోతలు వినపడక రెండేళ్ళయింది. ఎవరికీ చెప్పలా. అందుకే జనానికి పాసివ్, పాసివ్ అని చెప్తన్నా. నీ ట్వీటరు నాకు వినపడిందాకా పెంచా. పదునుగా ఉందని నువ్వన్నావే, అప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నీ చెవి మీదికే నెట్టా.”

పందిరి కింద ఎవరో వడ్డనకి అరుస్తున్నారు. అంతోని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ఎదురుగా వరిచేల వైపు చూస్తూ అడిగాడు.

“వదినకి తెలుసా?”

“తెలుసు. నేనే ఒట్టేయించుకున్నా. ఆవిడ తప్పేం లేదు.”

“హార్మోనియం మోసుకెళ్ళి ఎలీషా వాళ్ళింట్లో పెట్టిన రోజు, ఇంటికి రాబుద్ధిగాక కాలవ గట్టు మీద కూర్చున్నానన్నా. ఇంకెందుకు నా బతుకు అనిపించింది. నాలుగు నెలల బట్టి నా చెవుల్ని నేను అనుమానించుకున్నా. ఒక్కపూట కూడా నిన్ను అనుమానించలా.”

ఆ మాటకి శౌరయ్యకి కన్నీళ్ళు ఆగలేదు, తుడుచుకోనూ లేదు. “ఇప్పుడే బండి ఆటోనగర్ తీసుకుపోదాం,” అన్నాడు. “ఇది విప్పేసి పాసివ్ పెట్టేస్తా. దానికి నా చెవితో పనిలేదు. కాదంటే లాప్‌టాపులోళ్ళ దగ్గరికి నేనే తీసుకెళ్తా. ఎందుకు తెచ్చానో కూడా నా నోటితోనే వాళ్ళకి చెప్తా. ఎట్టాగూ రేపు ఒంటిగంటకి అందరికీ చెప్పాల్సిందే.”

అంతోని ఫోను తీసి పాట పెట్టాడు. మొదటి తాళం పడగానే అతని కళ్ళు చికిలించుకోవడం శౌరయ్య చూశాడు. నాలుగు నెలలు రోజూ ఇలాగే చికిలించుకుని ఉంటాడు.

“తిప్పు. నేను చెప్తా,” అన్నాడు అంతోని.

శౌరయ్య పండుగ బట్టలతోనే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. మర వెనక్కి తిప్పాడు.

“ఇంకా.”

తిప్పాడు.

“ఇంకా తగ్గించు. ఇంకా. ఆఁ, కొంచెం ముందుకి. కొంచెమే. ఆగు.”

ఆగాడు. గోడ అవతలి ఆ సన్న మోత మొదటి తిప్పుకే పోయింది, ఆ తర్వాత పాట శౌరయ్యకి ఒకే తీరుగా వినపడుతోంది. డప్పులు అవే, గొంతులు అవే. ఇప్పుడు మర ఎక్కడాగినా ఆయనకి ఒకటే. అంతోని మొహం చూస్తూ ఉండటం తప్ప ఆయన చెయ్యగలిగిందేమీ లేదు. ఆ మొహంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు స్టీరింగు మీద మెట్లు నొక్కుతున్నట్టు కదిలాయి. తెరేసమ్మా మార్తా కొంచెం దూరంలో వచ్చి నిలబడ్డారు గానీ దగ్గరికి రాలేదు.

“ఎట్టా ఉంది?” అని అడిగాడు శౌరయ్య.

అంతోని పాట పూర్తిగా అయిపోయేదాకా విన్నాడు. ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు.

“సౌండు బాగుందన్నా,” అన్నాడు. “నీతో మళ్ళీ ఎప్పట్లా మాట్లాట్టానికే కొంచెం టైం పడద్ది.”

అని కారు దిగి, మోకాళ్ళ మీదున్న మనిషిని దాటుకుని, ఎలీషాని వెతుక్కుంటూ చర్చిలోకి వెళ్ళాడు.